గాలికన్ను

కోపంలో అన్న మాటని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పిన్ని పట్టించుకుంది. "నీ కుట్లు ఎలా కారుతున్నాయో కొండమీదికొచ్చి నువ్వే చూసుకో!" అని గుడారాల షెడ్డు యజమాని సాయంత్రం అరిచాడు. మర్నాడు పొద్దున వ్యాను బయలుదేరే వేళకి ఆమె గేటు దగ్గర సిద్ధంగా నిలబడి ఉంది. కాళ్ళకి తమ్ముడి బూట్లు, అవి వదులు కాకుండా లోపల రెండు జతల మేజోళ్ళు, తలకి మఫ్లరు, చంకలో సూదుల డబ్బా.

యజమాని ఆమెని ఎగాదిగా చూశాడు.

"ఏంటి పిన్నీ, నిజంగానే వస్తున్నావా?"

"మీరే కదా బాబూ రమ్మంది."

వ్యాను మీదికి గిన్నెలు ఎక్కిస్తున్న వంటాయన పకపకా నవ్వాడు. యజమాని వ్యాను తలుపు తీశాడు. "సరే, ఎక్కు" అని ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

ఆమె ఎవరికీ సొంత పిన్ని కాదు, షెడ్డులో అందరికీ పిన్నే. పదకొండేళ్ళుగా వెనక గదిలో కిటికీ పక్కన మిషను ముందు కూర్చుని గుడారాలు కుడుతోంది, చిరిగినవి అతుకుతోంది. అవి మడతల్లో వెళ్తాయి, బురదతో మడతల్లోనే తిరిగొస్తాయి. నిలబెట్టిన గుడారాన్ని ఆమె ఒక్కసారీ చూడలేదు. ఈ రెండు సీజన్లుగా బురదతో పాటు ఫిర్యాదులూ వస్తున్నాయి. రాత్రి కురిసిన మంచు కుట్లలోంచి దిగుతోందట, పొద్దున్న లేచేసరికి పక్కలన్నీ తడిసి ముద్దవుతున్నాయట. అందుకే యజమాని చొక్కా జేబులో ఒక కాగితం ఉంది. పట్నంలో ఏదో ఫ్యాక్టరీ వాళ్ళు గుడారాలు మొత్తం తామే కుట్టి, కుట్ల మీద పట్టీ అంటించి ఇస్తారట. ఈ ట్రిప్పు ముగించి కొండ దిగగానే దానిమీద సంతకం పెడతానని అందరికీ వినబడేలా చెప్పాడు. ఆ సంతకం పడితే వెనక గదిలో మిషనుతో పనిలేదు. మిషను ముందు మనిషితో అసలే పనిలేదు.

వ్యాను ఆగిన చోటునుంచి మూడు గంటల నడక అన్నారు. పిన్నికి ఐదు గంటలు పట్టింది. డబ్బు కట్టి కొండెక్కడానికి వచ్చినవాళ్ళలో నలుగురు ఒకే ఆఫీసు స్నేహితులు, ఒక కొత్త జంట, ఒంటరిగా వచ్చిన రిటైరైన టీచరమ్మ. కుర్రవాళ్ళంతా ముందు వెళ్ళిపోతే టీచరమ్మ మాత్రం చేతికర్ర తాటిస్తూ పిన్నితో పాటే వెనక నడిచింది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుందని ఆవిడే చెప్పింది. పాలలో నీళ్ళు కలిపినట్టు గాలి కూడా పలచబడుతుందని పిన్నికి ఆరోజే తెలిసింది. నాలుగడుగులు వేయడం, నిలబడటం, నోరు తెరిచి ఊపిరి లాక్కోవడం. వదిలిన ఊపిరి ముఖం ముందు తెల్లగా లేచి కాసేపు వేలాడేది. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ లెక్కలోకి రాని వస్తువు ఇక్కడ కంటికి కనిపిస్తోంది.

అడవి మాత్రం ఆమె ఊహించినట్టు లేదు. అడవంటే ముళ్ళూ పొదలూ అనుకుంది. ఇక్కడ చెట్లు నిటారుగా, ఒకదానికొకటి దూరంగా, ఎవరో చెప్పినట్టు మర్యాదగా నిలబడి ఉన్నాయి. ఆకులన్నీ సూదులే. ఎన్నేళ్ళుగా రాలాయో, నేలంతా సూదులు పరుచుకుని అడుగు పడితే చప్పుడు లేదు. మొదళ్ళ చుట్టూ నాచు, మానుల మధ్య పొగమంచు. ఒక్క సూదిని తీసి వేళ్ళ మధ్య తిప్పి చూసింది పిన్ని. కన్ను లేదు.

"దారం ఎక్కించలేం కదమ్మా" అంది నిరాశగా. టీచరమ్మ ఆగి, ఆయాసం తగ్గేదాకా నవ్వింది.

చెట్లు పలచబడి, పక్కన సన్నటి వాగు పారుతున్న చదును మీద బస. యజమానీ ఆఫీసు కుర్రాళ్ళూ మేకులు దిగ్గొట్టారు, తాళ్ళు లాగారు. పిన్ని ఒక బండ మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. ఎప్పుడూ తన ఒళ్ళో బరువుగా పడి ఉండే ఆ రబ్బరు పూత గుడ్డ మెల్లగా తల ఎత్తింది, భుజాలు సర్దుకుంది, నిండుగా గాలి తీసుకుని నిలబడింది. ఒకటి, రెండు, ఐదు. పచ్చ, ముదురు పచ్చ, గోధుమ. ఐదూ తన చేతిలోంచి వచ్చినవే. లేచి వెళ్ళి ఒక్కోదాని చుట్టూ తిరుగుతూ కుట్లు తడిమి చూసింది. ప్రతి గుడారానికీ పైన, రెండు వాలులూ కలిసే కొప్పు దగ్గర అటొకటి ఇటొకటి మూతపడిన గాలికన్నులున్నాయి. ఒకప్పుడు అక్కడ జాలీ తెరిచి ఉండేది, దాని మీద చిన్న చూరు. చలిగాలి కొడుతోందని జనం గొడవ చేస్తే రెండేళ్ళ కిందట యజమాని అన్నీ మూసెయ్యమన్నాడు. పిన్ని చూరుని కిందికి దించి రెండు వరసలు కుట్టేసింది. బొటనవేలితో నొక్కి చూసుకుంది. చీమ కూడా దూరదు. ఇలాంటి కుట్టు కారడమా!

ఆఫీసు నలుగురికీ పెద్ద గుడారం, జంటకి ఒకటి, టీచరమ్మకీ పిన్నికీ ఒకటి, యజమానికి ఒకటి. ఐదోది సామాను గుడారం. వంటాయన వంటచోట నాలుగు కర్రల మీద కట్టిన టార్పాలిన్ కిందే పడుకుంటానన్నాడు. ఆ టార్పాలిన్ అంచులూ పిన్ని కుట్టినవే. గంటసేపు ఉడికించినా బంగాళాదుంప మెత్తబడకపోవడంతో ఆయన కొండని తిడుతున్నాడు. "ఇక్కడ నీళ్ళు మరుగుతాయే గానీ వాటికి వేడి ఉండదు పిన్నీ. వట్టి ఆర్భాటం."

మర్నాడు తెల్లవారుతుండగా టీచరమ్మ నుదుటిమీద టప్పున ఒక చుక్క పడింది. ఆవిడ ఉలిక్కిపడి కదిలితే పిన్ని కూడా లేచి పైకి చూసింది. గుడారం లోపలి వైపంతా చెమట పట్టినట్టు మెరుస్తోంది. కొప్పు కుట్టు వెంట చుక్కలు వరసగా వేలాడుతున్నాయి.

బయట అప్పటికే ఆఫీసు కుర్రాళ్ళు తడిసిన పక్కలు తాడు మీద ఆరేస్తున్నారు. యజమాని పెద్ద గుడారంలోకి వంగి, కుట్టు మీద వేలు పెట్టి, ఆ వేలు బయటికి తెచ్చి అందరి ముందూ ఎత్తి పట్టుకున్నాడు. వేలి చివర నీటిబొట్టు.

"ఏంటిది పిన్నీ?"

పిన్ని ఆ వేలికేసి చూసింది. బొట్టు వేలాడింది తన దారానికే.

"రాత్రి వాన కూడా లేదు. వట్టి మంచుకే ఇలా ఉంటే వానొస్తే ఏంటి గతి? మూడు ఊళ్ళ నుంచి వచ్చే గుంపులు ఈ ఏడు మానేశాయి. ఎవరివల్ల?"

కొత్త పెళ్ళికూతురు చూపు పక్కకి తిప్పుకుంది. ఆఫీసు వాళ్ళలో కళ్ళద్దాల కుర్రాడు లేని దుమ్ము దులుపుకున్నాడు. అందరిలో అలా నిలదీస్తే పిన్నికి తల కొట్టేసినట్టయింది. బిడ్డల్లాంటివాళ్ళ ముందు కళ్ళనీళ్ళు పెట్టుకోకూడదని బలవంతంగా టీ గ్లాసు అందుకుని, వేడి తెలియకుండా మూడు గుక్కల్లో తాగేసింది. వంటాయన చెప్పింది నిజమే, అందులో వేడి అంతగా లేదు.

ఆ రోజు అందరూ శిఖరం వైపు నడిచి వెళ్తే ఆమె మాత్రం బసలోనే ఉండిపోయి మైనపుముద్ద తీసింది. కుట్టు మీద మైనం రుద్దడం చూసేవాళ్ళకి సులువే. ముందు గుడ్డ బిగువుగా పట్టుకోవాలి, మైనాన్ని అరచేతుల్లో వెచ్చచేయాలి, దారం వరస వెంట ఒకే ఒత్తిడితో లాగాలి, వెంటనే వేలిగోటితో రంధ్రాల్లోకి దించాలి. చలికి మైనం రాయిలా ఉంది. చంకలో పెట్టుకుని, పొయ్యి దగ్గర పెట్టుకుని, మళ్ళీ రుద్దింది. ఐదు గుడారాలు, బయటా లోపలా. మూసిన గాలికన్నుల మీద ఇంకో పొర. వేళ్ళు కొంకర్లు పోయాయి. పని అయ్యాక ప్రతి కుట్టు కిందా లోపలి వైపు దర్జీ సుద్దతో నీలం గీత గీసింది. నీళ్ళు కుట్టులోంచి దిగితే గీత చెదిరిపోవాలి.

"ఇంత పూత మా అత్తగారి ముఖానికి కూడా ఉండదు" అన్నాడు వంటాయన. పిన్నికి నవ్వు రాలేదు.

మూడోరోజు పొద్దున్న తడి ముందురోజు కంటే ఎక్కువుంది.

యజమాని ఈసారి అరవలేదు. "ఇక చాలు పిన్నీ. దిగాక మాట్లాడుకుందాం" అన్నాడు, జేబుమీద చెయ్యి వేసుకుని. ఆ అరుపే బాగుండేదనిపించింది ఆమెకి. వాగు ఒడ్డున కూర్చుని చాలాసేపు నీళ్ళలోకి చూసింది. పొగమంచు వాగు మీదుగా వచ్చి ఆమెని దాటి చెట్లలోకి వెళ్ళిపోయింది. ఇక్కడ దేనికీ తొందర లేదు, బాధా లేదు. వెనక గదిలో కిటికీ, మధ్యాహ్నం మిషను పళ్ళెం మీద పడే ఎండముక్క గుర్తొచ్చాయి. మిషను ముందు తన కుర్చీ ఇంకెవరిదవుతుంది? ఎవరిదీ కాదు, కట్టెల్లోకి పోతుంది.

"పిన్నీ, నా నెత్తిమీద ఒక్క చుక్క పడితే ఒట్టు" అన్నాడు వంటాయన, టీ తెచ్చిస్తూ. "నాలుగు పక్కలా గాలి కొట్టి వణికాను గానీ, తడి మాత్రం లేదు. మంచుకి నేనంటే భయం కాబోలు."

అప్పటికి ఆమె ఆ మాట సరిగ్గా చెవిన వేసుకోలేదు.

మధ్యాహ్నం సామాను గుడారంలో తాళ్ళు చుడుతూ ఉండగా వాన మొదలైంది. అలాంటిలాంటి వాన కాదు. చెట్లు కనిపించలేదు, వాగు వినిపించలేదు. పిన్ని తాళ్ళు వదిలేసి పైకి చూస్తూ కూర్చుంది. గుడ్డ మీద వాన డప్పులా మోగుతోంది. ఆమె సుద్దగీతల వెంట చూపు నడిపింది. ఎక్కడా ఒక్క చెమ్మ లేదు. అరచేయి గుడ్డకి ఆనించింది. కాగితంలా పొడిగా ఉంది. కారట్లేదు! ఇంత వానకీ కారట్లేదు. లేచి ఎవరినైనా పిలవాలనుకుంది. ఈ వానలో ఎవరికి వినబడుతుంది?

పిలవకుండానే వచ్చారు. ఆఫీసు నలుగురూ తడి పక్కల మధ్య కూర్చోలేక, టీ గిన్నె నెత్తిన పెట్టుకుని పరిగెత్తుకొచ్చి లోపల దూరారు. "జరుగు పిన్నీ, జరుగు" అంటూ బస్తాల మీద కూర్చుని జిప్పు లాగేశారు. ఒకడు వాళ్ళ మేనేజరు ఫోనులో ఎలా మాట్లాడతాడో చేసి చూపించాడు. మిగతావాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. కళ్ళద్దాల కుర్రాడు టీ ఊదుకుంటే అద్దాలు తెల్లబడ్డాయి. తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. మళ్ళీ ఊదాడు, మళ్ళీ తెల్లబడ్డాయి.

పిన్ని ఆ అద్దాలనే చూస్తోంది. ఆ చూపు అతని తల మీదికి, అక్కణ్ణుంచి గుడ్డ మీదికి వెళ్ళింది. గుడ్డ కూడా మసకబడింది.

ఆమె కదలకుండా కూర్చుంది. వాళ్ళు నవ్వుతున్నారు, వాన మోగుతోంది, గుడ్డ మీద మసక కాస్తా కాసేపటికి ఆవగింజంత చుక్కలైంది. రెండు చుక్కలు కలిసి ఒకటయ్యాయి. బరువెక్కి జారాయి. కుట్టు మడత అడ్డొచ్చి అక్కడ ఆగాయి, దారాన్ని పట్టుకుని వేలాడాయి. కుట్టు కింద నీలం గీత అలాగే ఉంది. నీళ్ళు కుట్టులోంచి రాలేదు. ఎక్కడో పుట్టి కుట్టు దగ్గరికి వచ్చాయి.

"బాబూ, మీరు ఒకసారి మాట్లాడటం ఆపండి" అంది పిన్ని.

నలుగురూ ఆగిపోయారు.

"ఆపొద్దులే, మాట్లాడండి. ఇంకా గట్టిగా నవ్వండి."

వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పాపం, పిన్నికి కొండగాలి పడలేదనుకున్నారు. ఆమె అప్పటికే లెక్క వేసుకుంటోంది. ఎవరూ పడుకోని సామాను గుడారం ఇందాకటి దాకా పొడి. నలుగురున్నది చెరువు. ఇద్దరున్నవి తడి. యజమాని ఒక్కడే ఉన్నదాంట్లో పక్క ఆరేసుకోవాల్సినంత తడే లేదు. నాలుగు పక్కలా తెరిచి ఉన్న టార్పాలిన్ కింద వంటాయన నెత్తిన చుక్క పడితే ఒట్టు. దారి పొడవునా తన ముఖం ముందు తెల్లగా వేలాడినదే ఇది. బయటికి పోదామని పైకి లేస్తుంది. పైన దారి లేదు.

దారి ఎవరు మూశారు?

తన కుట్టు కారలేదని వచ్చిన సంతోషం అక్కడికక్కడే ఆవిరైపోయింది. రెండు వరసలు, పైన మైనం, దానిమీద నిన్న ఇంకో పొర. కాస్త బద్ధకంగా కుట్టి ఉంటే ఎంత బాగుండేది!

వాన వెలిశాక పొయ్యి దగ్గర యజమానికి చెప్పింది. దాచుకోకుండా అంతా చెప్పింది.

"కారేది మంచు కాదు బాబూ, లోపలివాళ్ళ ఊపిరి. గాలికన్నులు తెరిస్తే పోతుంది. నేను విప్పుతాను."

"ఊపిరా!" యజమాని గరిటె పక్కన పెట్టాడు. "రెండేళ్ళ కిందట చలి చలి అని జనం నన్ను ఎన్ని మాటలన్నారో నీకు తెలీదు. ఇప్పుడు మళ్ళీ తెరిస్తే పొద్దున్నే దిగిపోతారు. కుట్టు పోయిందని ఒప్పుకోవడానికి మనసొప్పక ఊపిరి మీదికి నెట్టకు పిన్నీ. వాటిని ముట్టుకోకు."

పదకొండేళ్ళలో ఆమె ఎప్పుడూ తప్పు ఇంకోదాని మీదికి నెట్టలేదు. అదే మాట అనబోయి మానుకుని, సూదుల డబ్బాని చంకలోకి నెట్టుకుంది.

టీచరమ్మ చేతికర్రతో నేల మీద ఒకసారి కొట్టింది. క్లాసులో అలా కొట్టేదేమో, అందరూ తలలెత్తారు.

"మా గుడారం సంగతి మాకు వదిలెయ్యి నాయనా. చలివేస్తే నేను నిన్నేమీ అనను. ముప్పై ఐదేళ్ళు పిల్లల నోళ్ళు మూయించాను. ఒక్క రాత్రి గుడారం నోరు తెరిపిస్తే పోయేదేముంది? విప్పు పిన్నీ."

యజమాని భుజాలు ఎగరేసి వెళ్ళిపోయాడు.

పొద్దు వాలకముందే పిన్ని స్టూలు మీద మోకాళ్ళూని పైకి అందుకుంది. కుట్లు విప్పే చిన్నకత్తి ములుకు దారం కిందికి దూర్చి, పైకి లేపి, టక్. మళ్ళీ దూర్చి, టక్. తను వేసిన కుట్టు తనకే లొంగలేదు. మైనం గోటితో గీకి, మళ్ళీ వెతికి, ఒక్కో కుట్టునీ బతిమాలినట్టు విప్పింది. రెండో వరస చివరి దారం ఊడగానే చూరు లేచింది. దాని కింద రెండేళ్ళుగా చీకట్లో ఉన్న జాలీ. అందులోంచి సన్నటి చల్లగాలి వచ్చి ఆమె మణికట్టుని తాకి, ఎవరో పలకరించినట్టు ఆగి, పక్కనుంచి పోయింది.

ఆ రాత్రి చలేసింది, అబద్ధమెందుకు. ఇద్దరూ ఉన్న బట్టలన్నీ వేసుకుని, టోపీలు చెవుల మీదికి లాక్కుని పడుకున్నారు. జాలీలోంచి ఒక నక్షత్రం ఇంత పెద్దగా కనిపించింది. "కన్నంటే ఇదీ" అంది టీచరమ్మ నిద్రలోకి జారుతూ.

తెల్లవారింది. పిన్ని కళ్ళు తెరవడానికి భయపడి, ముందు చెయ్యి చాపి గుడ్డని తడిమింది. కొప్పు దగ్గర, పక్కన, కుట్టు వెంట. పొడి.

టీచరమ్మ ఊరుకుంటుందా? బయటికి వెళ్ళి చప్పట్లు కొట్టి అందరినీ పిలిచింది. ఒక్కొక్కరే వంగి లోపలికి వచ్చి అరచేయి ఆనించి చూశారు. పెళ్ళికూతురు చెంప ఆనించి చూసింది. "మా దాంట్లో ఈత కొట్టొచ్చు, చూడండి" అన్నాడు కళ్ళద్దాల కుర్రాడు. "పిన్నీ, మాదీ విప్పేయవా?"

"బాబు చెప్పాలి" అంది పిన్ని.

యజమాని అందరికంటే ఆఖరున వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ గుడ్డ మీద పెట్టాడు. తెరిచిన కన్ను వంక చాలాసేపు చూశాడు. చొక్కా జేబులో కాగితం అంచు కనిపిస్తోంది. లేచి, ఎవరి ముఖమూ చూడకుండా తన గుడారంలోకి వెళ్ళి జిప్పు వేసుకున్నాడు.

పిన్ని నిలబడిపోయింది. ఇంతేనన్నమాట. నిజం చేత్తో తాకి చూసినా నోటితో ఒప్పుకోలేకపోయాడు. తన సామాను సర్దుకోవాలి, ఈరోజు కాకపోతే రేపు. వంటాయన పిలుస్తున్నా వినబడలేదు ఆమెకి.

అప్పుడు వినబడింది ఇంకో చప్పుడు. పదకొండేళ్ళు వింటూ బతికిన చెవులు కాబట్టి వెంటనే పట్టేశాయి. అది దారం తెగే చప్పుడు కాదు, గుడ్డ చిరిగే చప్పుడు.

ఆమె ఒక్క అంగలో వెళ్ళి జిప్పు లాగింది. యజమాని లోపల సంచుల మీద ఎక్కి, కూరగాయల కత్తితో కొప్పు దగ్గర కుట్టుని కోస్తున్నాడు. బొటనవేలు తెగింది. గుడ్డ జానెడు చిరిగింది. తప్పు చేస్తూ దొరికిన పిల్లాడిలా కత్తి కిందికి దించాడు.

"మూసెయ్యమంది నేనే కదా పిన్నీ" అన్నాడు.

"మీరు మూయమన్నారు. నేను మరీ గట్టిగా మూశాను. అలా కోస్తారా ఎవరైనా? ఇటివ్వండి."

కత్తి లాక్కుని పక్కన పడేసింది. తన చిన్నకత్తి తీసి ములుకు దారం కిందికి దూర్చింది. ఆయన నెత్తురు కారుతున్న వేలు నోట్లో పెట్టుకుని ఆమె చేతినే చూస్తూ కూర్చున్నాడు. టక్. టక్. చూరు కొంచెం లేచింది. పొద్దుటి వెలుగు సన్నని పట్టీలా లోపలికి వచ్చి ఆయన మోకాలి మీద పడింది.

"బసలో ఐదున్నాయి" అంది పిన్ని, తల తిప్పకుండా. "ఒకటి అయిపోయింది. మిగతావి మధ్యాహ్నానికి అవుతాయి."

"షెడ్డులో ఇంకా ముప్పై ఉన్నాయి పిన్నీ."

పిన్ని చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

"అయితే ఊరికే కూర్చుంటారేం? ఈ అంచు పట్టుకోండి" అంది.